ఇంటి సైకిలు: నడిమి యిరుసు వదులైనప్పుడు

కుట్టుమిషనుకు నూనె వేయుట, తిరుగలికి గంట్లు కొట్టించుట, బావి గిలక కిఱ్ఱుమన్నప్పుడు చమురు పోయుట మన గృహిణులకు తెలిసిన పనులే. ఇంటిలోని పనిముట్టు చేయు ధ్వనిని బట్టి లోపమెక్కడనున్నదో చెవితోనే కనిపెట్టగల సోదరీమణులు మనలో అనేకులు గలరు. కాని అరుగునకు చేరగిలబడియున్న సైకిలు విషయమునకు వచ్చునప్పటికి, అది మగవారి వస్తువనియు, దాని బాగోగులు దుకాణమువారికే తెలియుననియు భావించి ఊరకుండుట పరిపాటియైనది. దీనివలన కలుగు నష్టము మగవారికి కాదు. ఆ సైకిలుపై బడికి పోవు ఆడపిల్లకే.

మా యెఱుకలోని యిండ్లలో తఱచు జరుగు సంగతి యిది. తల్లియో, మేనత్తయో చిన్ననాట త్రొక్కిన ఆడవారి సైకిలు కొట్టుగదిలో పడియుండును. నల్లనిది, బరువైనది, గట్టి యినుముతో చేసినది. పిల్ల తొమ్మిదవ తరగతికి వచ్చి, ఉన్నత పాఠశాల మూడు నాలుగు కిలోమీటర్ల దూరమైనప్పుడు దానిని బయటికి దీసి చక్రములకు గాలి కొట్టింతురు. కొన్ని దినములు బాగుగనే నడచును. పిమ్మట త్రొక్కినప్పుడెల్ల క్రింద "టక్కు టక్కు"మని చప్పుడు మొదలగును, పాదము ప్రక్కకు ఊగును, చెయిను ఊడుచుండును. పిల్ల వచ్చి తల్లితో చెప్పుకొనును. "పాత సామానుకు మరమ్మతెందుకు? తూకానికి వేసి వచ్చే యేడు కొత్తది కొందాములే" యని యింటి యజమాని తేల్చివేయును. పాతది మఱునాడే పోవును. కొత్తది మాత్రము వచ్చే యేటికి రాదు. ఆ పై యేటికిని రాదు. నడుమ వానలలో బడి మానుట పిల్లకు అలవాటగును. ఇంతటి అనర్థమునకు మూలమైన లోపము అనేక పర్యాయములు ఒక చిన్న గిన్నె పావుచుట్టు వదులగుట మాత్రమే. దానిని కనిపెట్టు విధమును, సవరించు విధమును ఈ మాసము వివరింతుము.

ఈ యిరుసు కథ

సైకిలు నడుమనుండు ఈ యిరుసు ఆడవారికి పరాయిది కాదు. పూర్వపు సైకిలుకు ముందరి చక్రము మనిషి భుజముల యెత్తున నుండెడిది. పెడళ్లు ఆ చక్రపు ఇరుసుకే బిగింపబడియుండెడివి. నిడుపైన దుస్తులు ధరించు స్త్రీలు దాని నెక్కుట దుర్ఘటము. 1885లో ఇంగ్లండునందలి కావెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' అను సైకిలును నిర్మించెను. అందు పెడళ్లు చక్రమునుండి వేఱై, రెండు చక్రముల నడుమ క్రిందుగా నున్న యొక యిరుసున కమరెను. అక్కడినుండి చెయిను వెనుక చక్రమును త్రిప్పెను. ఈ పద్ధతియే లోకమంతట వ్యాపించినది. చక్రములు చిన్నవై, ఆసనము క్రిందికి దిగెను. పై కడ్డీని క్రిందికి దింపి ఆడవారి సైకిళ్లను చేయుట సాధ్యమయ్యెను. అమెరికాలో మద్యపాన నిషేధమునకై పాటుపడిన ఫ్రాన్సెస్ విల్లార్డ్ తన 53వ యేట సైకిలు నేర్చుకొని, ఆ యనుభవమును 1895లో పుస్తకముగ ప్రకటించెను. నడిమి యిరుసుతోనే స్త్రీలకు సైకిలు దక్కినదనుట అతిశయోక్తి కాదు.

భాగములు

ఆసనపు గొట్టమును, ముందునుండి వాలుగా దిగు గొట్టమును కలియు చోట, క్రిందుగా, అడ్డముగా ఒక పొట్టి గొట్టము గలదు. దుకాణములవారు దీనిని 'బీబీ' యందురు. అందులో ఒక ఉక్కు ఇరుసు; ఇరుసు రెండు కొనలయందు క్రాంకులు; క్రాంకుల చివర పెడళ్లు. పొట్టి గొట్టపు రెండు ప్రక్కలను మరలు కోసిన ఉక్కు గిన్నెలు బిగింపబడియుండును. వీనినే కప్పులందురు. ప్రతి కప్పులోను ఇరుసు చుట్టు పావు అంగుళపు ఉక్కు గుండ్లు 11 చొప్పున దొర్లుచుండును.

కుడివైపు కప్పు, అనగా చెయిను చక్రము వైపునది, స్థిరముగా బిగించినది. ఎడమవైపు కప్పు బిగువును సవరించుకొనుటకైనది. అది కదలకుండ దానిపై గాట్లు గల ఉక్కు ఉంగరమొకటి బిగించియుండును; దీని పేరు లాకు రింగు. క్రాంకును ఇరుసునకు పట్టియుంచునది కాటరు పిన్ను. ఇది ఒక ప్రక్క ఏటవాలుగా చెక్కబడి, కొనయందు నట్టు గల చిన్న మేకు.

నడిమి మేకు వదులైన తిరుగలి పిండిని సరిగా విసరక, తనను తానే అఱుగదీసికొనును గదా! అట్లే కప్పు వదులైన యిరుసు త్రొక్కుడు త్రొక్కుడునకు గుండ్లను కొట్టుచు, కప్పునందును తనయందును గుంటలు పడునట్లు చేసికొనును. మొదట పానా పెట్టి త్రిప్పినంతనే తీరెడు లోపము, ఆఱు నెలలు ఉపేక్షించినచో ఇరుసు, కప్పులు, గుండ్లు అన్నియు మార్చు ఖర్చునకు వచ్చును.

లోపమెక్కడిదో తెలిసికొనుట

చప్పుడు విన్నంతనే పానా చేతబట్టరాదు. సైకిలును స్టాండుమీద నిలిపి, చెయినును దింపవలెను. పెడళ్లను ముట్టక, రెండు చేతులతో రెండు క్రాంకులను పట్టుకొని చట్రము వైపునకు నెట్టుచు, ఇవతలికి లాగుచు చూడవలెను. రెండు క్రాంకులును ఒక్కమారుగా ఊగినయెడల కప్పు వదులైనది. ఒకటి మాత్రమే కదలి, రెండవది నిలకడగా నున్నయెడల, కదలిన ప్రక్క కాటరు వదులైనది. క్రాంకులు రెండును గట్టిగా నుండి పెడలు మాత్రమే ఊగినచో లోపము పెడలుది.

కాటరును గూర్చి మఱియొక పరీక్ష గలదు. చెయినును మరల నెక్కించి, సైకిలును నేలపై నిలిపి, క్రాంకులను నేలకు సమముగ నుంచి, బ్రేకు పట్టి, రెండు పెడళ్లమీద ఒకేసారి బలముగ నొక్కవలెను. క్రాంకులను అరచుట్టు త్రిప్పి మరల నొక్కవలెను. ఏదో జారి తగిలినట్లు "టక్కు"మనినయెడల కాటరు వదులని నిశ్చయింపవచ్చును.

ఈ భేదమును గుర్తించుట ముఖ్యము. కప్పు వదులైన సైకిలు మెల్లమెల్లగా చెడును. కాటరు వదులైన సైకిలు, పిల్ల లేచి నిలబడి బలముగ త్రొక్కు క్షణమున కాలిక్రింది పెడలును జారవిడిచి, నడిరోడ్డున పడద్రోయగలదు. కాటరు వదులని తెలిసిన పిమ్మట, అది బాగుపడువఱకు ఒక్క దినమైనను పిల్లకు సైకిలియ్యరాదు.

కప్పును సవరించుట

కప్పు మాత్రమే వదులైనచో సాధారణముగ క్రాంకులను ఊడదీయకయే సవరింపవచ్చును. లాకు రింగు గాట్లను పట్టు కొక్కెపు పానా యొకటి, కప్పునకు తగిన పానా యొకటి కావలయును. ఉలి పెట్టి సుత్తితో రింగును కొట్టుట కొందఱి వాడుక. దానివలన గాట్లు చితికి, తుదకు ఏ పానాకును పట్టు చిక్కకుండ పోవును. అట్టి వాడుకను మన యింట జొరనీయరాదు.

తుప్పు పట్టియున్నచో ముందునాటి రాత్రియే రింగు చుట్టు పలుచని నూనె వేసి యుంచవలెను. మఱునాడు రింగును గడియారపు ముల్లునకు ఎదురుగా త్రిప్పి వదులు చేయవలెను. పిమ్మట కప్పును ముల్లు తిరుగు దిక్కునకు మెల్లగా త్రిప్పుచు, ఇరుసు బిగిసినట్లు తోచినంతనే ఆగవలెను. అక్కడినుండి ఒక్క రవ్వ, అనగా చుట్టులో ఎనిమిదవ వంతునకు మించకుండ, వెనుకకు త్రిప్పవలెను. అప్పుడు కప్పు కదలకుండ ఒక పానాతో పట్టుకొని, రెండవ పానాతో రింగును బిగింపవలెను. ఇక్కడనే పని చెడుచుండును. రింగు బిగియునప్పుడు కప్పు కూడ దానితో తిరిగిపోవును. కావున ఇద్దఱుండుట మేలు. తల్లి కప్పును పట్టగా, కూతురు రింగును బిగింపవచ్చును.

సరియైన బిగువునకు గుర్తులు మూడు. చెయిను లేకుండ క్రాంకును త్రిప్పి విడిచినచో తడబడక తిరిగి, తనంతట తానాగవలెను. క్రాంకులను ప్రక్కకు నెట్టినచో ఊగరాదు. త్రిప్పుచుండగా వ్రేళ్లకు గరగరయని తగులరాదు. ఒకచోట బిగువు, వేఱొకచోట వదులు అగుచున్నయెడల, ఇరుసు వంగినదనియో, లోపల గుంటలు పడినవనియో గ్రహించి విప్పి చూడవలెను.

విప్పి శుభ్రము చేయుట

ఇందుకు క్రాంకులు రెండును తీయవలెను. చెయినుపై రేకు పెట్టె యున్నచో దానిని ముందుగా విప్పవలెను. కాటరు నట్టును పూర్తిగా తీసివేయక, పిన్ను కొనతో సమముగా వచ్చువఱకు వదులు చేయవలెను. సుత్తిదెబ్బకు మరలు చితుకకుండ నట్టు కాపాడును. తరువాత చేయవలసినదే అన్నిటికంటె ముఖ్యమైనది. క్రాంకు క్రింద, కాటరు దిగుటకు సందు విడిచి, మందమైన ఇనుప గొట్టపు ముక్కను నేలనుండి ఆనునట్లు నిలుపవలెను. ఈ యాధారము లేక కొట్టినయెడల దెబ్బ కాటరును కదల్పక, గుండ్లమీదుగా కప్పునకు తగిలి అందు గుంటలు పడును. చిన్న దెబ్బలు పదింటికంటె సూటిగా తగిలిన పెద్ద దెబ్బ యొకటి మేలు. పసిపిల్లలను దూరముగ నుంచి, కంటికి అద్దములు పెట్టుకొనవలెను. రెండు మూడు దెబ్బలకు కదలని కాటరును ఇంటిలో బలాత్కరింపక దుకాణమునకు కొనిపోవుటయే వివేకము.

క్రాంకులు వచ్చిన పిమ్మట క్రింద పాత గుడ్డను పఱచి, లాకు రింగును, ఎడమ కప్పును తీయవలెను. గుండ్లు రాలును, లెక్కింపుడు. రెండు ప్రక్కలవి కలిపి 22 ఉండవలెను. ఇరుసును ఎడమవైపునుండి తీయునప్పుడు దాని పొడవైన కొన యేవైపున నున్నదో చూచికొనవలెను. సాధారణముగ అది చెయిను చక్రము వైపున నుండును. తిరుగవేసి బిగించినచో చెయిను చక్రము చట్రమునకు ఒరయును.

అన్నిటిని కిరసనాయిలుతో కడుగవలెను. ఈ పని పొయ్యికి దూరముగా, ఆరుబయట చేయవలెను. కుడి కప్పును గొట్టములోనే యుంచి, గుడ్డతో తుడిచి, దీపపు వెలుతురున పరీక్షింపవలెను. గుండ్లు దొర్లిన దారి తోమిన వెండివలె ఏకరీతిగ మెఱయుచున్నచో మంచిది. మశూచి మచ్చలవలె గుంటలున్నచో ఆ భాగమునకు ఆయువు తీరినది. గుండ్లు స్వల్పవ్యయముతో లభించునవి గనుక ఒకటి చెడినను అన్నిటిని ఒకేమారు మార్చవలెను; పాతవానితో కొత్తవానిని కలిపినచో బరువంతయు కొత్తవానిపైననే పడును.

కప్పులలో గ్రీజును దట్టముగ పూసి, అందు 11 గుండ్లను ఉండ్రాళ్లవలె వరుసగా పేర్చవలెను. గ్రీజు వానిని రాలనీయదు. ఇరుసును దూర్చి, ఎడమ కప్పును బిగించి, పైని చెప్పిన విధమున సవరింపవలెను.

క్రాంకులను తొడిగి కాటర్లు దిగగొట్టునప్పుడు పిన్ను యొక్క ఏటవాలు ముఖము ఇరుసునందలి చదును ముఖమునకు ఆనవలెను. క్రాంకులు నేలకు సమముగ నున్నప్పుడు ఒక ప్రక్క నట్టు పైకిని, రెండవ ప్రక్క నట్టు క్రిందికిని చూచుచుండవలెను. రెండింటిని ఒకే దిక్కున దూర్చినయెడల క్రాంకులు ఒకే గీతలో నిలువవు. ఇప్పుడును క్రాంకునకు ఆధారముంచియే పిన్నును దిగగొట్టి, పిమ్మట నట్టు బిగింపవలెను. నట్టుతోనే పిన్నును లోనికి లాగబూనినచో దాని మరలు తెగును. నాలుగైదు దినములు త్రొక్కిన తరువాత మరల ఒకమారు కొట్టి బిగింపవలెను. ఈ రెండవ బిగింపును మఱచుటచేతనే కొత్త కాటర్లు వదులగుచుండును.

ఎడమ మర సంగతి

కుడి కప్పును మార్చవలసివచ్చినచో ఒక విశేషమును తెలిసికొనవలెను. పెక్కు పాత సైకిళ్లలో దానికి ఎడమ మర యుండును; అనగా లోకరీతికి విరుద్ధముగ, గడియారపు ముల్లు దిక్కునకు త్రిప్పిన ఊడును, ఎదురుగా త్రిప్పిన బిగియును. దీని నెఱుగక బలముకొలది త్రిప్పి, ఊడదీయవలసినదానిని మఱింత బిగించువారు గలరు.

ఇట్లేల చేసిరో వంటయింటనే చూడవచ్చును. అంచు గల పళ్లెములో దానికంటె కొంచెము చిన్నదైన గుండ్రని మూతను ఉంచి, మూత అంచు పళ్లెపు అంచున కానుచు దొర్లునట్లు కుడివైపుగా చుట్టు త్రిప్పుడు. మూత తాను మాత్రము మెల్లమెల్లగా ఎడమవైపునకు తిరుగును. పెడలు త్రొక్కునప్పటి ఒత్తిడి చుట్టు తిరుగుచు కప్పును ఈ విధముగనే వెనుకకు జరుపును. కుడి కప్పునకు మామూలు మర యున్నచో అది దినదినము వదులగును. ఎడమ మర యుండుటచే బిగియుచునే యుండును.

సామాను కొనునప్పుడు

మన దేశమున 1949లో మద్రాసునందు స్థాపింపబడిన టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో మొదలైన అట్లాస్, 1956లో లుధియానాలో మొదలైన హీరో సంస్థలవారు ఇంగ్లండు పద్ధతి సైకిళ్లనే లక్షలకొలది చేసిరి. అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారము 2020లో మూతపడినను, ఆ తరహా సైకిళ్లకు కావలసిన కప్పులు, ఇరుసులు, కాటర్లు, గుండ్లు నేటికిని దొరకుచున్నవి. ఇంగ్లీషు కొలత కప్పునకు అంగుళమునకు 24 మరలు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన పాత రాలీ సైకిళ్లకు 26. ఒకదానిలో మఱియొకటి బలవంతముగ బిగించినచో గొట్టపు మరలే చెడును; అప్పుడు చట్రమునకే ముప్పు. కాటర్లలోను లావు భేదములు గలవు. కావున పాత భాగమును చేతబట్టుకొనియే దుకాణమునకు పోవలెను. కొత్తది సరిపడినదని తేలువఱకు పాతదానిని పాఱవేయరాదు.

నీరు చేరకుండ చూచుట

చట్రమంతటిలో ఈ గొట్టమే అడుగున నుండును. ఆసనపు గొట్టములో పడిన వాననీరంతయు ఇచ్చటికే దిగును. సైకిలును వానలో నిలుపక చూరు క్రింద నుంచవలెను. మోకాలిలోతు నీటిలో నడిపించిన సైకిలును, చప్పుడు లేకున్నను, ఆ వారముననే విప్పి తుడిచి గ్రీజు పెట్టవలెను. కొన్ని పాత సైకిళ్లకు ఈ గొట్టముపై నూనె పోయుటకు మూతగల చిన్న రంధ్రముండును. అట్టివానికి నెలకొకమారు కొన్ని చుక్కలు వేయవలెను.

దుకాణమువారితో

ఇంతయు చెప్పినది ప్రతి గృహిణియు సుత్తి చేతబట్టవలెనని కాదు. మన వీధి మొగనుండు సైకిలు పనివారు ఎండలో గొడుగు క్రింద కూర్చుండి ఊరి చక్రములన్నిటిని నడిపించుచున్నవారు. వారి నేర్పు మన గౌరవమునకు పాత్రము. కాని "ఏదో చప్పుడు చేయుచున్నది, చూడు బాబూ" యని అప్పగించి వచ్చుటకును, "ఎడమ కాటరు జారుచున్నది; కొత్తది వేయుము, క్రాంకు క్రింద ఆధారముంచి కొట్టుము; కప్పు కొంచెము వదులు, బిగించి రింగు వేయుము" అని చెప్పుటకును భేదము గలదు. మొదటి మాటకు తోచిన మరమ్మతు జరుగును; రెండవదానికి కావలసిన మరమ్మతు జరుగును. ఇంటిలో అమ్మివేయుద మను మాట వచ్చినప్పుడును, "చెడినది సైకిలు కాదు, ఒక పిన్ను" అని చెప్పగల యిల్లాలి మాటకు విలువ యుండును.

తమిళనాడునందలి పుదుక్కోట జిల్లాలో 1990వ దశకపు ఆరంభమున అక్షరాస్యతా ఉద్యమముతోపాటు లక్షకు పైబడిన గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చిరి. ఆడవారి సైకిళ్లు చాలినన్ని దొరకనప్పుడు వారిలో పలువురు మగవారి సైకిళ్లనే కొనిరి. ముందు కడ్డీమీద బిడ్డను కూర్చుండబెట్టుకొనుటకు అదియే అనుకూలమని మెచ్చిరి. బావి, పొలము, బడి, సంత వారికి దగ్గఱయైనవి. ఒకరు తీసికొనిపోవువఱకు వేచియుండు అవసరము తగ్గినది. సైకిలు నడచుచున్నంత కాలమే ఈ స్వేచ్ఛయు నడచును. కావున నడపనేర్చిన చేతికి బిగింపనేర్చుట కూడ తగును.

మన కొట్టుగదులలోని పాత సైకిళ్లను తూకపువానికి చూపకముందు ఒకమారు క్రాంకులు పట్టి ఊపి చూడవలసినదని సోదరీమణులకు మనవి. పెడళ్లలోని గుండ్లను గూర్చియు, వాని బిగువును గూర్చియు రాబోవు సంచికలో వ్రాయుదుము.